రాసేదెవరు, దాచేదెవరు: వెబ్ తరాల మధ్య అసలు తేడా

పంట రుణం కోసం అడంగల్ అనే పొలం పత్రం కావలసిన రైతు కడప ఏడు రోడ్ల కూడలి పరిసరాల్లో ఏదో ఒక ఇంటర్నెట్ సెంటరు మెట్లెక్కుతాడు. బల్ల వెనకున్న కుర్రవాడు ప్రభుత్వ భూమి రికార్డుల మీభూమి పేజీ తెరుస్తాడు. జిల్లా ఎంచుకోగానే పక్క గడిలో మండలాల పేర్లు వచ్చి కూర్చుంటాయి. మండలం మీద నొక్కితే గ్రామాలు దిగుతాయి. రైతు సంచిలోంచి తీసిన పాత పాసు పుస్తకం చూసి సర్వే నంబరు చెబుతాడు. కుర్రవాడు ఆ అంకెలు కొట్టి, తెర మీద వంకరటింకరగా కనిపిస్తున్న అక్షరాలను కింది గడిలో నింపుతాడు. ప్రింటరు ఒక కాగితాన్ని బయటికి తోస్తుంది. రైతు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బ్యాంకు దారి పడతాడు. ఆ ఒక్క పేజీలో వెబ్ నడిచి వచ్చిన ముప్పై ఏళ్లకు పైబడిన దారి పొరలు పొరలుగా పేరుకుని ఉంది.

వెబ్ 1.0, వెబ్ 2.0, వెబ్ 3.0 అన్న అంకెలు వింటే, ఫోనులో సాఫ్ట్‌వేరు మారినట్టు ఒక రాత్రికి పాతది పోయి తెల్లారేసరికి కొత్తది వచ్చిందనిపిస్తుంది. అలా జరగలేదు. ఈ అంకెలను ఏ సంస్థా విడుదల చేయలేదు. జరుగుతున్న మార్పును గమనించినవాళ్లు తమ తమ ఉద్దేశాలతో పెట్టిన పేర్లు ఇవి. మొదటి తరం చదవడానికి, రెండో తరం రాయడానికి కూడా, మూడో తరం రాసినదాన్ని సొంతం చేసుకోవడానికి అని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. అది తప్పు కాదు గానీ చాలదు. తరాల తేడా సరిగా తెలియాలంటే ప్రతి తరాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. రాసేదెవరు? రాసింది ఎవరి దగ్గర ఉంటుంది? మొదటి ప్రశ్నకు ప్రతి తరంలోనూ ఉత్సాహంగా జవాబు చెప్పారు. రెండో ప్రశ్న దగ్గరే మాట తడబడుతూ వచ్చింది.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. ఇంటర్నెట్టూ వెబ్బూ ఒకటి కావు. కర్నూలు, కడపలను కలిపే కె.సి. కాలువను 19వ శతాబ్దంలో తవ్వినప్పుడు పొలాలకు నీరు పారించడంతోపాటు పడవలు నడపడం కూడా ఉద్దేశం. కాలువ ఒకటే, వాడకాలు వేరు. ఇంటర్నెట్ కాలువ లాంటిది. ఈమెయిలు, ఫైళ్ల బదిలీ, వెబ్ అన్నీ దానిలో సాగే వేర్వేరు రాకపోకలు. ఇంటర్నెట్ పుట్టిన చాలా ఏళ్లకు గానీ వెబ్ పుట్టలేదు.

టిమ్ బెర్నర్స్ లీ 1989 మార్చిలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో ఒక ప్రతిపాదన రాశాడు. ఆయనను ఇబ్బంది పెట్టిన సమస్య చాలా మామూలుది. సెర్న్‌కు శాస్త్రవేత్తలు వస్తుంటారు, పోతుంటారు. వాళ్లు పోయినప్పుడు వాళ్లకు తెలిసినదీ వాళ్లతోనే పోతుంది. కాగితాలు ఒక కంప్యూటర్లో ఉంటే, వాటిని చదవాల్సినవాడి ముందు మరో రకం కంప్యూటర్ ఉంటుంది. దీనికి ఆయన మూడు పనిముట్లు తయారుచేశాడు: ప్రతి పేజీకీ ఒక చిరునామా, పేజీ రాసే పద్ధతి, పేజీని అడిగి తెచ్చుకునే మర్యాద. 1991లో వెబ్ బయటి ప్రపంచానికి తెలిసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాంకేతికతను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. తరాల గురించి రాసేవాళ్లు ఈ తేదీని చప్పున దాటేస్తారు గానీ, తరువాత జరిగినదంతా దీని మీదే నిలబడింది. అదే ఏడాది గోఫర్ అనే పోటీ వ్యవస్థకు మిన్నెసోటా విశ్వవిద్యాలయం కొన్ని వాడకాలకు రుసుము అడగబోతున్నట్టు చెప్పింది. జనం అక్కడి నుంచి లేచి వెబ్ వైపు వచ్చేశారు.

తొలి వెబ్ పనిచేసే తీరు చాలా సరళం. ఎక్కడో ఒక సర్వరులో, అంటే అడిగినవాళ్లకు ఫైళ్లు పంపే కంప్యూటర్లో, ఒక ఫైలు ఉంటుంది. బ్రౌజరు వెళ్లి అడుగుతుంది. సర్వరు ఇస్తుంది, ఇచ్చి మరిచిపోతుంది. మళ్లీ అదే మనిషి అదే నిమిషంలో వచ్చి అడిగినా ఎవరో కొత్తవాడు వచ్చినట్టే చూస్తుంది. ఈ మరపు చిన్న విషయం కాదు. చదివేవాడు ఎవరన్నది వెబ్‌కు తెలియని కాలం అది. ఏ పేజీ ఎంతసేపు చూశాడు, అక్కడి నుంచి ఎక్కడికి పోయాడు అన్న లెక్క ఒకచోట కూడే వీలు లేదు.

కడప జిల్లా యర్రగుంట్ల మండలంలో కలమళ్ళ అనే ఊరుంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరున్న శాసనం దొరికింది అక్కడే. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా, తెలుగులో వేయించిన తొలి శాసనంగా దాన్ని పండితులు చెబుతారు. మొదటి తరం వెబ్ స్వభావం ఆ శాసనానిదే. వేయించగల శక్తి ఉన్నవాడు వేయిస్తాడు, దారిన పోయేవాళ్లు చదువుతారు. చదివినవాడు దాని మీద ఒక్క అక్షరం కూడా చెక్కలేడు. విశ్వవిద్యాలయాలు, కంపెనీలు, ప్రభుత్వ శాఖలు అప్పట్లో పెట్టిన పేజీలన్నీ ఇలాంటివే. మామూలు మనుషులు కూడా రాశారు, 1994లో మొదలైన జియోసిటీస్ లాంటి చోట్ల సొంత పేజీలు పెట్టుకున్నారు. కాకపోతే దానికి పేజీ రాసే పద్ధతి నేర్చుకోవాలి, ఇంగ్లీషు రావాలి, ఓపిక ఉండాలి. శాసనానికీ దీనికీ ఒక తేడా మాత్రం పెద్దది. శాసనం పద్నాలుగు వందల ఏళ్లు నిలిచింది. తొలినాటి వెబ్ పేజీల్లో చాలావాటికి పదేళ్ల ఆయుష్షు కూడా లేదు.

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా, అదీ కొన్ని మహానగరాల్లో మొదలైంది. ఆ తరువాత వచ్చిన, టెలిఫోను తీగ మీద నడిచే 56 కిలోబిట్ల మోడెమ్ కూడా అన్నీ కలిసివస్తే సెకనుకు 7 కిలోబైట్లు తెచ్చేది. 5 మెగాబైట్ల పాట దిగడానికి దాదాపు 12 నిమిషాలు పట్టేది. ఆ మధ్యలో ఇంటికి ఎవరైనా ఫోను చేస్తే లైను ఖాళీ లేదన్న చప్పుడే వినిపించేది.

ఇక్కడ తెలుగువాళ్ల కథ ప్రపంచం కథ నుంచి విడిపోతుంది. వెబ్ తొలి పదేళ్లలో తెలుగు లిపి దానిపై దాదాపుగా లేదు. విదేశాల్లోని తెలుగువాళ్లు రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగు మాటలను రోమన్ అక్షరాల్లో రాసుకునేవారు. పెద్దబడి ‘డి’ అక్షరం వేస్తే డకారం, చిన్నబడిది వేస్తే దకారం. 1998లో మొదలైన ఈమాట వంటి పత్రికలు ఆ ఇరుకులోంచే సాహిత్యాన్ని నడిపించాయి. దినపత్రికలు వెబ్‌లోకి వచ్చాయి గానీ ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త అంతా పిచ్చి గీతలుగా కనబడేది. ఫాంటు ఉన్నా, కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలన్న సంగతి తెలియదు. అది లోపల ఏవో రోమన్ అక్షరాలను దాచుకుని, పైకి తెలుగు బొమ్మలు చూపించేది. కాబట్టి కడప అని వెతికితే ఏమీ దొరికేది కాదు.

దీనికి మందు యూనికోడ్. 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 గళ్ల చోటు కేటాయించారు. ఒక్కో అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒకే సంఖ్య. ‘క’కు 3093, ‘డ’కు 3105, ‘ప’కు 3114. ఈ మూడు సంఖ్యలు ఈ వరుసలో ఎక్కడ కనబడినా అది కడపే. సంఖ్యలు 1991లోనే సిద్ధమైనా, వాటిని తెర మీద అక్షరాలుగా చూపే ఏర్పాటు మామూలు ఇంటి కంప్యూటర్లోకి రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండటం పెద్ద మలుపు. ఆ తరువాత కూడా తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో తెలుగు వరుసగా ఖాళీ డబ్బాల్లా కనిపించేది. 2018 ఫిబ్రవరిలో అయితే, ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరాన్ని సందేశంలో పంపితే ఐఫోన్లలోని ఆప్‌లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లో ఆపిల్ దాన్ని సరిచేసింది. వెబ్ పుట్టి పాతికేళ్లు దాటాక కూడా మన సంయుక్తాక్షరం ఆ యంత్రాలకు ఇంకా కొత్తే. అందుకే ‘ప్రపంచం 1990లలో మొదటి తరంలో ఉంది’ అన్న మాట తెలుగు పాఠకుడికి వర్తించదు. తెలుగు వెబ్‌లో కాలు పెట్టేసరికే రెండో తరం నడుస్తోంది.

రెండో తరానికి పేరు 1999లో డార్సీ డినూచి రాసిన ఒక వ్యాసంలో కనబడింది. 2004 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో టిమ్ ఓరైలీ బృందం పెట్టిన సదస్సుతో అది అందరి నోటా పడింది. సాంకేతికంగా ఇందులో కీలకమైన మార్పు ఒకటుంది. అంతవరకూ పేజీలో ఏ చిన్న మార్పు కావాలన్నా మొత్తం పేజీని మళ్లీ తెప్పించుకోవాలి. ఇప్పుడు బ్రౌజరు చాటుగా సర్వరును అడిగి, కావలసిన ముక్కను మాత్రమే తెచ్చి అతికించడం నేర్చింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ దీనికి ఎజాక్స్ అని పేరు పెట్టాడు. అదే నెలలో వచ్చిన గూగుల్ మ్యాప్స్‌లో పటాన్ని వేలితో పట్టి లాగినట్టు జరపడం చూసి జనం ఆశ్చర్యపోయారు. అడంగల్ పేజీలో జిల్లా ఎంచుకోగానే మండలాల పేర్లు వచ్చి కూర్చోవడం వెనక ఉన్నది ఈ తరం తెచ్చిన ఒడుపే.

రెండో మార్పు జ్ఞాపకం. సర్వరు మరపును పోగొట్టే కుకీ అనే చిన్న చీటీని 1994లోనే నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ కనిపెట్టాడు. దుకాణంలో బుట్టలో వేసుకున్న సరుకులు పేజీ మారినా గుర్తుండాలన్నది దాని ఉద్దేశం. ఆ చీటీ ఉంది కాబట్టే లాగిన్ సాధ్యమైంది. లాగిన్ ఉంది కాబట్టే ప్రతి మనిషీ తన పేరుతో రాయగలిగాడు. ఆ చీటీ ఉంది కాబట్టే ప్రతి మనిషి వెంటా ఒక పద్దు కూడా మొదలైంది. రాసే స్వేచ్ఛా, పద్దు రాయించుకునే బాధ్యతా ఒకే కానుపులో పుట్టాయి.

రాసే స్వేచ్ఛ సంగతి ముందు. 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా. లేఖిని వంటి పనిముట్లు వచ్చి, రోమన్ మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు పడే వీలు కల్పించాయి. 2005 తరువాతి నాలుగైదేళ్లలో బ్లాగులు వందల్లో పుట్టాయి. వాటన్నిటినీ ఒకచోట చూపే ‘కూడలి’ అనే సైటు రోజూ తెరిచే గుమ్మమైంది. ఎవరూ జీతమివ్వలేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆ కొద్ది ఏళ్లలో రాసినవాళ్ల రుణం తెలుగు వెబ్ ఇప్పటికీ తీర్చుకోలేదు.

ఈ తరాన్ని అర్థం చేసుకోవడానికి కడపలోనే ఒక మంచి చోటు ఉంది. యర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, ఆయన బంగళా ఉండిన స్థలంలోనే వెలిసింది. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను జీతానికి పెట్టుకుని తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, ఎక్కడ ఏ పాఠం ఉందో రాసుకోవడం, చివరికి ఒక శుద్ధప్రతి సిద్ధం చేయడం అక్కడి పని. 1829లో ఆయన వేమన పద్యాలు 693 అచ్చువేశాడు. పదేళ్ల తరువాతి కూర్పులో అవి 1164 అయ్యాయి. వికీపీడియాలో ఒక వ్యాసం పెరిగే తీరు ఇదే. ఒకరు ఎత్తుకుంటారు, మరొకరు దిద్దుతారు, ఇంకొకరు ఆధారం అడుగుతారు. ప్రతి దిద్దుబాటూ చరిత్ర పుటలో నిలిచి ఉంటుంది, బ్రౌన్ పండితులు రాసుకున్న పాఠాంతరాల్లాగే.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. బంగళాలో జీతమూ బ్రౌన్‌దే, ఆఖరి మాటా బ్రౌన్‌దే, తయారైన ప్రతులూ ఆయనవే. వికీపీడియాలో జీతం లేదు, ఆఖరి మాట ఎవరిదీ కాదు, ప్రతిని ఎవరైనా మొత్తంగా దింపుకుని దాచుకోవచ్చు. రెండో తరంలో పుట్టిన మిగతా పెద్ద సంస్థలు మాత్రం బంగళా పద్ధతిలోనే నడిచాయి, అదీ జీతాలివ్వకుండా. ఆర్కుట్, ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, ట్విట్టర్ 2006లో వచ్చాయి. రాసేది జనం, ఫొటోలు పెట్టేది జనం, వాదించుకునేది జనం. అవన్నీ చేరేది కంపెనీ గోదాములోకి.

గోదాము తలుపు మూస్తే ఏమవుతుందో రెండుసార్లు తెలిసివచ్చింది. 2009 అక్టోబరు 26న జియోసిటీస్ మూతపడింది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. కాలేజీ రోజుల్లో ఆర్కుట్‌లో ఒకరికొకరు రాసుకున్న పలకరింపులు ఒక తరం తెలుగువాళ్లకు ఈరోజు ఎక్కడా దొరకవు. ముందే దించుకోవడానికి గడువు ఇచ్చారన్నది నిజమే. గడువు గురించి తెలిసినవాళ్లెందరు, తెలిసి దించుకున్నవాళ్లెందరు? తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమలలో ఒక అరలో శతాబ్దాలు పడి ఉండి కూడా, 20వ శతాబ్దంలో బయటికి తీసినప్పుడు చదవడానికి వీలుగానే ఉన్నాయి. రాగిరేకుకు ఆ ఓర్పు ఉంది. సర్వరుకు కరెంటు బిల్లు ఎవరో ఒకరు కడుతూ ఉండాలి.

రెండో తరంలో రాసేది వాడుకరులే అంటారు. నిజానికి అక్కడ చదివేవాడు కూడా, తనకు తెలియకుండానే, రాస్తుంటాడు. ఏ వార్త దగ్గర వేలు ఆగింది, ఏ వీడియో సగంలో వదిలేశాడు, ఏ ప్రకటన నొక్కాడు అన్నవన్నీ అతడు రాసిన రాతలే. 2009లో ఫేస్‌బుక్ తెచ్చిన ‘లైక్’ బొత్తం ఒక్క నొక్కుతో ఒక అభిప్రాయాన్ని లెక్కలోకి ఎక్కించింది. దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ రీక్యాప్చా. మనిషా యంత్రమా అని తేల్చడానికి వంకర అక్షరాలు చదివించే పద్ధతిని లూయీ వాన్ ఆన్ 2007లో కొత్త పనికి మళ్లించాడు. ఒక మాట పరీక్ష కోసం, పక్కనున్న రెండో మాట పాత పత్రికల ప్రతుల్లో యంత్రం చదవలేకపోయినది. లక్షలమంది రోజూ తలుపు దాటడానికి కొట్టిన ఆ రెండో మాటలతో న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు అక్షరరూపంలోకి వచ్చాయి. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. పని మంచిదే. చేసినవాళ్లలో ఎక్కువమందికి తాము పని చేస్తున్నామన్న సంగతే తెలియదు. ఈ తరం పునాది అంతా ఆ తెలియకపోవడం మీదే ఉంది.

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల పల్లెల్లో చాలామంది ఇంటర్నెట్‌లోకి కంప్యూటర్ గుండా రానేలేదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర పడిపోయాక, నేరుగా ఫోనులోకి వచ్చారు. వాళ్లకు బ్రౌజరు అలవాటు లేదు, చిరునామా కొట్టడం తెలియదు. మొదటి తరాన్ని చూడకుండా, రెండో తరం చివరి మెట్టు మీద కాలు పెట్టారు. అందువల్ల ఒక లింకు పట్టుకుని ఒక చోటు నుంచి మరో చోటుకు పోవడం, ఒకే సంగతిని రెండు చోట్ల చదివి పోల్చుకోవడం అనే తొలి తరం అలవాట్లు వాళ్లకు అందలేదు. ఆప్ ఏది చూపిస్తే అదే చూడాల్సి వచ్చింది. తరాలన్నిటిలోనూ పోగొట్టుకున్న మంచి గుణం ఏదంటే ఇదే.

మూడో తరం అనే పేరుతో రెండు వేర్వేరు సంగతులు తిరుగుతున్నాయి. వాటిని కలిపేయడం వల్లే చాలా వ్యాసాలు అయోమయంగా ఉంటాయి.

మొదటిది బెర్నర్స్ లీ కన్న కల. 2001 మేలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన, జేమ్స్ హెండ్లర్, ఓరా లాసిలా కలిసి అర్థవంతమైన వెబ్ గురించి రాశారు. పేజీని యంత్రం చూపించడమే కాదు, అందులో ఏముందో గ్రహించాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇది ఎంత కష్టమో కడప అన్న మాటతోనే తెలుస్తుంది. అది ఊరు పేరు, జిల్లా పేరు. ఇంటి గడపకు దగ్గరి మాట, తిరుమలేశుని గడపగా దేవుని కడపకు ఉన్న ప్రసిద్ధి వేరే. వంటింట్లో గట్టుకు, ఇంట్లో అరలకు వేసే నల్లరాయి కడప రాయి. ఆంగ్లేయుల రాతలో ఊరి పేరు కుడ్డపా. 2005లో ఇంగ్లీషు అక్షరక్రమం మార్చారు, 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు, 2025లో మళ్లీ కడప చేర్చారు. భూగర్భశాస్త్రంలో మాత్రం ఆ రాతిపొరల పేరు పాత అక్షరక్రమంలోనే నిలిచిపోయింది. మనిషికి ఇవేవీ చిక్కు కావు. ‘కడప ధర ఎంత’ అని రాళ్ల దుకాణంలో అడిగినవాడు జిల్లాను కొనడానికి రాలేదని అందరికీ తెలుసు. యంత్రానికి తెలియాలంటే ప్రతి వస్తువుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఏది దేనికి ఏమవుతుందో విడమరిచి రాయాలి. 2012లో మొదలైన వికీడేటా చేస్తున్నది ఈ పనే. పేరు ఎన్నిసార్లు మారినా సంఖ్య మారదు. అదే ఏడాది గూగుల్ తన వెతుకులాటలో ఇలాంటి జ్ఞాన పటాన్ని చేర్చింది. ఊరు పేరు కొడితే పక్కన పటం, జనాభా, ఫొటో ఒక పెట్టెలో కనబడటం అప్పటి నుంచే. బెర్నర్స్ లీ కల మొత్తంగా నెరవేరలేదు, ప్రతి పేజీనీ అంత శ్రద్ధగా విడమరిచి రాసే ఓపిక ఎవరికీ లేకపోయింది. నెరవేరినంత మేరకు అది ఎవరి కంటా పడకుండా పనిచేస్తోంది.

రెండోది వెబ్3. ఈ పేరును 2014లో ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ వ్యవస్థను నెలకొల్పినవారిలో ఒకరైన గావిన్ వుడ్ పెట్టాడు. ఇది నేరుగా రెండో ప్రశ్న మీదికి వస్తుంది. రాసింది ఒక కంపెనీ గోదాములో ఎందుకుండాలి అని అడుగుతుంది. ఊరి భాషలో చెప్పాలంటే, 1984 వరకూ ఊళ్లో భూమి లెక్కలు కరణం దగ్గర ఉండేవి. సర్వే నంబరు పక్కన ఎవరి పేరుందో ఆయన పుస్తకం తెరిస్తేనే తెలిసేది. కరణం నిజాయితీపరుడైతే ఊరు ప్రశాంతం, కాకపోతే తరాలపాటు కోర్టుల చుట్టూ తిరగడం. బ్లాక్‌చెయిన్ చెప్పేదేమంటే, ఆ పుస్తకం ప్రతి ఒకటి ఇంటింటా ఉండాలి. కొత్త పద్దు పడితే అన్ని ప్రతుల్లోనూ పడాలి. ప్రతి పుటలోనూ దాని ముందు పుట సారాన్ని ఒక సంఖ్యగా కుదించి రాస్తారు. పాత పుటలో ఒక్క అక్షరం దిద్దినా ఆ సంఖ్య మారిపోతుంది, తరువాతి పుటలన్నీ పొసగకుండా పోతాయి, దొంగ దొరికిపోతాడు. 2009లో బిట్‌కాయిన్ ఈ పద్ధతిలో డబ్బు పద్దు నడిపింది. 2015లో ఎథీరియం ఇదే పుస్తకంలో ఒప్పందాలను కూడా రాసి, అవి వాటంతట అవే అమలయ్యేలా చేసింది.

ఆలోచన గొప్పది. అది చెప్పుకున్నంత దూరం రాలేదన్నదీ అంతే నిజం. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడతామని ముందుకు వచ్చింది. భూమి విషయంలో అసలు చిక్కు వేరేచోట ఉంది. పుస్తకాన్ని తరువాత ఎవరూ దిద్దకుండా బ్లాక్‌చెయిన్ కాపాడగలదు. మొదట రాసేటప్పుడే పేరు తప్పు పడితే, ఆ తప్పును కూడా అంతే గట్టిగా కాపాడుతుంది. గట్టు ఎక్కడుందో, తండ్రి తరువాత పంపకం ఎలా జరిగిందో గొలుసు పట్టుకుని పొలంలోకి దిగి తేల్చే మనిషే చెప్పాలి. బొమ్మలను టోకెన్లుగా, అంటే బ్లాక్‌చెయిన్‌లో రాసిన హక్కు చీటీలుగా, అమ్మిన వ్యాపారంలో ఇంకో లోపం బయటపడింది. బ్లాక్‌చెయిన్‌లో ఉన్నది చాలాసార్లు బొమ్మ కాదు, బొమ్మ ఉన్న చోటు చిరునామా. ఆ చిరునామాలోని సర్వరు మూతపడితే కొన్నవాడి చేతిలో మిగిలేది రసీదే. పైగా మామూలు మనుషులు ఈ లోకంలోకి బిట్‌కాయిన్ వంటివి కొని అమ్మే ఎక్స్చేంజీల గుండా వెళ్లారు. అంటే మళ్లీ ఒక కంపెనీ గోదామే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్చేంజి కుప్పకూలినప్పుడు జనం సొమ్ము అందులో ఇరుక్కుపోయింది. కరణాన్ని తప్పించి ఇంకో కరణం ఇంటికి పుస్తకం చేర్చినట్టయింది.

బెర్నర్స్ లీ ఈ దారిని ఒప్పుకోలేదు. వెబ్3 అసలు వెబ్బే కాదన్నాడు. ఆయన పట్టుకున్నది సాలిడ్ అనే మరో దారి. ప్రతి మనిషి సమాచారం అతని సొంత పెట్టెలో ఉంటుంది, కంపెనీలు వచ్చి అనుమతి అడిగి వాడుకుంటాయి. ఆలోచన సబబుగానే ఉంది. కానీ పెట్టె తాళం జాగ్రత్తగా దాచుకునే ఓపిక ఎందరికి ఉంటుందన్నది అనుభవంలో తేలాల్సిందే.

ఈలోగా ఎవరూ నంబరు వేయని తరం ఒకటి వచ్చి కూర్చుంది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక, పేజీలు చదివి జవాబు తయారుచేసే పని యంత్రానికి వెళ్లింది. మొదటి తరంలో చదివేది మనిషి. ఇప్పుడు మనిషి కన్నా ముందు యంత్రం చదువుతోంది. కామన్ క్రాల్ వంటి సంస్థలు ఏళ్ల తరబడి పోగుచేసిన వెబ్ పేజీలు వీటికి మేతగా పనికివచ్చాయి. బ్లాగరి రాత్రిపూట కూర్చుని రాసుకున్న వ్యాసం, వికీపీడియా వాడుకరి దిద్దిన వాక్యం అన్నీ అందులో ఉన్నాయి. తన పేజీని యంత్రాలు చదవకూడదని చెప్పే రోబోట్స్ ఫైలు పద్ధతి 1994 నుంచీ ఉంది. అది తలుపుకు వేలాడదీసిన బోర్డు లాంటిది, తాళం కాదు. మర్యాద ఉన్నవాడు ఆగుతాడు. లింకు నొక్కి వచ్చే పాఠకుడు తగ్గితే రాసేవాడికి రాయాలన్న ఉత్సాహం ఎక్కడి నుంచి రావాలి అన్నది ఈ తరం ఇంకా జవాబు చెప్పని ప్రశ్న.

తెలుగుకు ఇందులో మరో కోణం ఉంది. యంత్రానికి వచ్చే తెలుగు ఎవరో ఎక్కడో కొట్టి పెట్టిన తెలుగే. తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది, వార్తాపత్రికలు రోజూ రాస్తున్నాయి కాబట్టి పత్రికల తెలుగు బాగానే చేరింది. మీభూమి పేజీలో కనిపించే అడంగల్, ఖాతా, పట్టా వంటి ప్రభుత్వ కచేరీ మాటలను బ్రౌన్ చిన్నచూపు చూడలేదు. వ్యవహారంలో కలిసిపోయిన ఇలాంటి మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. ఆ పనికి సమానమైనది వెబ్‌లో ఈ జిల్లాల మాటలకు ఇంకా జరగలేదు. నాగలిని మడక అనడం, వేరుశనగలను కొన్నిచోట్ల బుడ్డలు అనీ కొన్నిచోట్ల శెనక్కాయలు అనీ పిలవడం, గుంటకకూ గొర్రుకూ ఉన్న తేడా చెప్పడం, ఇవన్నీ పుష్కలంగా దొరికే చోటు ఇప్పుడు ఒకటే. పొలం గట్టు మీద నిలబడి రైతులు ఒకరికొకరు పంపుకునే వాట్సాప్ వాయిస్ సందేశాలు. వాటికి చిరునామా లేదు, లింకు లేదు, వెతకడానికి వీలు లేదు. మెమరీ నిండినప్పుడు ముందుగా చెరిపేసేవి కూడా అవే.